కొళాయి ఉండగా మగ్గెందుకు

ముప్పై రెండేళ్ళ మనిషిని, ఐదేళ్ళ పిల్ల తల్లిని పట్టుకుని ఆఫీసులో అంతా "కొత్తమ్మాయి" అనేవాళ్ళు. నగర ఆరోగ్య విభాగంలో ట్రైనీ ఇన్‌స్పెక్టరుగా చేరిన రోజున గుమ్మం దగ్గర అటెండరు "సార్, కొత్తమ్మాయి వచ్చింది" అని కేకేశాడు. ఆ మాట అలాగే అతుక్కుపోయింది. ఏడాది తిరిగొస్తున్నా, ఆవిడ తర్వాత ఇద్దరు గుమాస్తాలు చేరినా, కొత్తమ్మాయి కొత్తమ్మాయే. ఆఫీసుల్లో పెట్టే పేర్లకి బుర్రా బుద్ధీ ఉండవు.

పెళ్ళికి ముందు సైన్సు చదివింది. పిల్ల పుట్టాక ఇంట్లో ఉండిపోయింది. ఇక తన చదువు అటకెక్కినట్టేనని తనూ అనుకుంది, వీధిలోవాళ్ళూ అనుకున్నారు. అత్తగారు మాత్రం అనుకోలేదు. ఎదురింటివాళ్ళు చెత్తమూటలు గోడవారన పడేస్తే కోడలు రోజూ వెళ్ళి వాళ్ళతో తగువు పడేది. అది చూసీ చూసీ విసుగెత్తి, ఒకనాడు ఆవిడ ఉద్యోగ ప్రకటన ఉన్న పేపరు తెచ్చి కోడలి ముందు పడేసింది. "ఆ పోట్లాడేదేదో జీతం తీసుకుని పోట్లాడు తల్లీ. పిల్లని నేను చూసుకుంటాను" అంది. కోడలు పరీక్ష రాసింది, గట్టెక్కింది. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

ఈ ఉద్యోగమంటే ఫ్యాను కింద కూర్చుని సంతకాలు గీకడమని ఎవరైనా అనుకుంటుంటే ఇప్పుడే మానుకోండి. ఒకరోజు ఈతకొలను నీళ్ళలో మందు సరిపడా కలిపారో లేదో చూడాలి. మర్నాడు మంగలి షాపులో కత్తులు ఎలా కడుగుతున్నారో చూడాలి. ఆ మర్నాడు రేకుల షెడ్డులో మిషన్ల మోతకి పక్కింటి ముసలాయనకి నిద్ర పట్టడం లేదంటే, ఆయన మంచం మీద కూర్చుని ఆ మోత ఎంతుందో కొలవాలి. మొదటి నెలలో కొత్తమ్మాయి మాంసం మార్కెట్టు మురుగుకాలవ పక్కన జారిపడి, నడుం పట్టుకుని ఇంటికొచ్చింది. రెండో నెలలో ఒక హోటల్లో ఆఫీసు థర్మామీటరుని మరిగే సూపులో జారవిడిచింది. గరిటెతో దాన్ని వెతుకుతుంటే వంటవాళ్ళంతా చుట్టూ చేరి వేడుక చూశారు. పరువు ఆ సూపులోనే ఉడికిపోయింది.

ఆమెకి పని నేర్పే సీనియర్ ఇన్‌స్పెక్టరుని ఊరంతా "సబ్బు సారు" అంటారు. ఆయన ఏ వంటగదిలో అడుగుపెట్టినా పలకరింపు కూడా లేకుండా ముందు చేతులు కడుక్కునే చోటు ఎక్కడని అడుగుతాడు. అక్కడ నిలబడి సబ్బు రుద్దుకుని, వేళ్ళ సందులూ గోళ్ళ చివర్లూ తీరుబడిగా కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు వెనక్కి తిరిగి "ఆఁ, బాగున్నారా?" అంటాడు. ఈలోగా యజమాని చెమటలు కక్కుతుంటాడు.

కొత్తమ్మాయికి అది వట్టి చాదస్తంగా కనిపించేది. ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది. "ఇంకా దేన్నీ ముట్టుకోనే లేదు కదా సర్, ముందే చేతులెందుకు కడుక్కోవడం?"

"కడుక్కుంటూ ఉండు. నీకే తెలుస్తుంది" అన్నాడాయన.

అదీ ఆయన వరస. ఏదీ విడమరిచి చెప్పడు. చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా అంటే అదీ లేదు. చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

అయితే మనిషి మంచివాడు, పనిమంతుడు. తలుపు కింద సందులో పెన్సిలు పెట్టి చూడటం ఆయనే నేర్పాడు. పెన్సిలు దూరితే ఎలుకపిల్ల దూరుతుంది. ఆ పెన్సిలు పట్టుకుని కొత్తమ్మాయి ఒక బేకరీలో పొయ్యి వెనకాల సందు పట్టేసింది. బేకరీ ఆయన అంతెత్తున లేచాడు. "పెన్సిళ్ళు పట్టుకొచ్చారేంటమ్మా, ఇక్కడేమైనా బడి పెడతారా?" అన్నాడు. వారం తిరక్కుండా అదే సందులోంచి ఎలుక బయటికొచ్చి ఆయన కాలి మీంచి పరిగెత్తిందట. ఆ రోజు నుంచి ఆమె ఎదురుపడితే చాలు, "పెన్సిలమ్మా, టీ తాగి వెళ్ళు" అంటాడు.

ఏడాది చివర్లో అసలు పరీక్ష వచ్చింది. సబ్బు సారు లేకుండా ఒక్కత్తే మూడు వంటశాలలు చూసి రావాలి. ఆ రిపోర్టులు సరిగ్గా ఉంటే శుక్రవారం నాడు పర్మనెంటు ఆర్డరు చేతికొస్తుంది. లేకపోతే లేదు. మొదటి రెండూ గడిచాయి. మూడోది వంటక్కది.

వంటక్క అంటే ఆ పేటలో చిన్నపిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రాలకి మధ్యాహ్నం భోజనం వండి పంపే ఆవిడ. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు, చేతికింద నలుగురు ఆడవాళ్ళు. పాలు మానిన పిల్లల దగ్గర్నుంచి నాలుగేళ్ళవాళ్ళ దాకా ఆవిడ వంట తినే పెరుగుతారు.

ఆ ఉదయం దారిలో కొత్తమ్మాయి స్కూటరు ఉన్నట్టుండి ఆగిపోయింది. రోడ్డుపక్కన కూర్చుని ప్లగ్గు విప్పి తుడిచి, తిరిగి బిగించింది. స్కూటరు కదిలింది గానీ చేతులు మోచేతుల దాకా నల్లటి గ్రీజు. అలాగే వంటశాల గుమ్మంలో నిలబడింది.

"అయ్యో, ఆ చేతులేంటి తల్లీ!" వంటక్క ఎదురొచ్చింది. "బేసిన్‌లో కడిగావంటే అదంతా మసైపోతుంది. రా, ఇటు పెరట్లోకి రా."

గోరువెచ్చటి నీళ్ళ బకెట్టు, సబ్బు, మగ్గు తెచ్చింది. పెరటి మెట్టు మీద నిలబడి, కొత్తమ్మాయి రుద్దుకుంటుంటే ఓపిగ్గా నీళ్ళు పోసింది. గోళ్ళ కింద మసి పోలేదని మళ్ళీ పోసింది. ఉతికిన తువాలు చేతిలో పెట్టింది. ఏడాదిగా ఎక్కడికెళ్ళినా "వచ్చిందండీ మహాతల్లి" అన్నట్టు చూసే మొహాలే గానీ, ఇలా సొంత అక్కలా చూసినవాళ్ళు లేరు. కొత్తమ్మాయికి మనసు నిండిపోయింది.

తర్వాత పని మొదలెట్టింది. ఏదీ వదల్లేదు. ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో వేలుపెట్టి చూసింది. మరిగే సూపులో థర్మామీటరు ముంచింది, ఈసారి జారవిడవకుండా. పచ్చి మాంసం కోసే పలకా, కూరగాయలు తరిగే పలకా వేరువేరుగా ఉన్నాయా అని చూసింది. నేల మీద బోర్లాపడి టార్చి వేసి అల్మారాల కింద చూసింది. పెన్సిలు ఎక్కడా దూరలేదు. చేతులు కడుక్కునే బేసిన్ మూలన తళతళా మెరుస్తోంది. పక్కన సబ్బూ తువాలూ ఉన్నాయి. "చేతులు కడుక్కునే ఏర్పాటు ఉంది" అని రాసి, అన్నీ బాగున్నాయని సంతకం పెట్టింది. సాయంత్రానికల్లా సబ్బు సారు కూడా దాని కింద సంతకం చేసి పైకి పంపేశాడు. కొత్తమ్మాయి గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది.

ఇంటి ముందు ఐదేళ్ళ బుజ్జిది మట్టిలో ఆడి, మోచేతుల దాకా బురద పూసుకుని ఉంది. అత్తగారు దాన్ని రెక్క పట్టుకుని మెట్టు మీద నిలబెట్టి మగ్గుతో నీళ్ళు పోస్తోంది.

"ఎందుకత్తయ్యా నడుం వంచి అవస్థ పడతారు? కొళాయి కింద పెట్టొచ్చుగా" అంది కొత్తమ్మాయి చెప్పులు విప్పుతూ.

"మోటారు వెయ్యడం మర్చిపోయానే. కొళాయిలో నీళ్ళుంటే మగ్గెందుకు?" అంది అత్తగారు.

ఒక చెప్పు కాలికుంది, ఒకటి చేతిలో ఉంది. కొత్తమ్మాయి అలాగే ఉండిపోయింది.

ఆ బేసిన్ కళ్ళ ముందు కనిపించింది. మెరుస్తోంది, నిజమే. వంట మధ్యలో, నలుగురు మనుషులు పనిచేసే చోట, ఒక్క నీటిచుక్క లేకుండా మెరుస్తోంది. సబ్బు అంచులు అప్పుడే కాగితం విప్పినట్టు పదునుగా ఉన్నాయి. తువాలు మడత చెదరలేదు. అన్నీ చూసింది, ఏదీ చూడలేదు. సబ్బు సారు ఏడాదిగా చేతులు కడుక్కుంటున్నది చేతుల కోసం కాదని అప్పటికి వెలిగింది. ఆయన కొళాయి తిప్పి చూస్తున్నాడు. నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడక్కుండా నీళ్ళొస్తున్నాయా, వేడిగా వస్తున్నాయా, ఆ సబ్బు ఎవరైనా వాడుతున్నారా, అన్నీ తెలుసుకుంటున్నాడు.

తలకొట్టేసినట్టయింది కొత్తమ్మాయికి. మోసపోయానని ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువగా తన మీద తనకే మండింది.

మొగుడికి చెబితే ఆయన తేలిగ్గా తీసిపడేశాడు. "ఇప్పుడు ఎవరికైనా జబ్బు చేసిందా? లేదుగా. అసలు నీళ్ళు రావట్లేదని నువ్వు చూశావా? అదీ లేదు. శుక్రవారం ఆర్డరు చేతికొస్తుంటే కోరి కొరివితో తల గోక్కోవడం దేనికి? ఆర్డరు రానీ, తర్వాత మెల్లిగా వెళ్ళి చూడు" అన్నాడు. పాపం, ఆయన చెడ్డవాడేం కాదు. పెళ్ళాం ఏడాది పడ్డ పాట్లు దగ్గరుండి చూసినవాడు. ఆమె కూడా ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే రెండు మూడు క్షణాలు, ఆ మాటకి మెత్తబడింది.

అత్తగారు బుజ్జిదానికి ముద్ద పెడుతూ తలెత్తకుండానే అడిగింది. "ఆ వంట తినే పిల్లలు బుజ్జిదంత ఉంటారా?"

"ఇంకా చిన్నవాళ్ళత్తయ్యా."

"మరి ఇంకా దేనికి తెగ ఆలోచిస్తున్నావు?"

పొద్దున్నే వెళ్ళి సబ్బు సారు బల్ల ముందు నిలబడింది. పెరట్లో మగ్గు సంగతి, బేసిన్ సంగతి, దాచకుండా చెప్పింది. "ఆ రిపోర్టు తప్పు సర్. వెనక్కి తీసుకోవాలి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "దాని మీద నా సంతకం కూడా ఉంది తెలుసా?"

"తెలుసు సర్."

"వెనక్కి తీసుకుంటే నీ ఆర్డరు ఆగుతుంది. నాకు మెమో వస్తుంది."

కొత్తమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను మునిగేది కాక ఆయన్ని కూడా ముంచుతోంది. అయినా తల వంచలేదు. "ఇంకో రెండు గంటల్లో ఆ వంట పిల్లల దగ్గరికి వెళ్ళిపోతుంది సర్" అంది.

సబ్బు సారు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఫోను దగ్గరికి లాక్కున్నాడు. "పైకి నేను చెప్పుకుంటాను. నువ్వు బయల్దేరు. ఒక్కదానివే వెళ్ళు" అన్నాడు.

వంటశాలలో పొయ్యిలన్నీ మండుతున్నాయి. ఆమెని చూడగానే వంటక్క మొహం నిండా నవ్వుతో, చేతిలో మగ్గుతో ఎదురొచ్చింది.

"వద్దక్కా. ఇవాళ కొళాయి దగ్గర కడుక్కుంటాను."

వంటక్క నవ్వు మొహం మీదే ఎండిపోయింది. తరిగే ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. కొత్తమ్మాయి బేసిన్ దగ్గరికెళ్ళి కొళాయి తిప్పింది. లోపలెక్కడో గుర్రుమని చప్పుడైంది. తుప్పురంగు చుక్క ఒకటి రాలింది. అంతే.

"ఎన్నాళ్ళయిందక్కా?"

వంటక్క నీళ్ళు నమిలింది. పైపు పగిలి సరుకుల గదిలోకి నీళ్ళు కారుతుంటే దాన్ని కట్టేయించారట. ప్లంబరు రేపొస్తా, రేపొస్తా అంటున్నాడట. గిన్నెలు తోమే తొట్టికి నీళ్ళున్నాయట, వంటకి నీళ్ళున్నాయట, ఇక్కడ ఒక్కచోటే లేవట.

"మరి మీరంతా చేతులు ఎక్కడ కడుక్కుంటున్నారు?"

ఒకావిడ మూలనున్న బకెట్టు వైపు చూసింది. పొద్దుట్నించీ అందరి చేతులూ ముంచిన నీళ్ళు, బూడిదరంగులో ఉన్నాయి. బాత్రూముకి వెళ్ళొచ్చినా అదే బకెట్టు, మాంసం కోసినా అదే బకెట్టు.

"ఇవాళ ఇక్కణ్ణుంచి ఒక్క గిన్నె కూడా బయటికి పోవడానికి వీల్లేదక్కా" అంది కొత్తమ్మాయి.

"పిల్లలు ఆకలికి మాడిపోతారమ్మా!" వంటక్క గొంతు పైకి లేచింది. "నిన్న అంత ఆప్యాయంగా చూస్తే, ఇవాళ నా కడుపు కొడతావా? ఎలుకుందా, బొద్దింకుందా? నా వంట తిని ఇన్నేళ్ళలో ఒక్క పిల్లకైనా జబ్బు చేసిందా?"

"చెయ్యకూడదనే కదా అక్కా వచ్చాను."

వంటక్క స్టూలు మీద కూలబడిపోయింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "చెబితే మూసేస్తారని భయమేసింది" అంది చివరికి. "కానీ నీ చేతులు చూసి అయ్యో అనిపించింది కూడా నిజమే. ఒట్టు. అది నాటకం కాదు."

కొత్తమ్మాయికి నమ్మబుద్ధేసింది, నమ్మింది. అక్కడితో వంటశాల మూయించి చేతులు దులుపుకుని పోతే ఉద్యోగధర్మం తీరిపోతుంది. కానీ మధ్యాహ్నానికి పిల్లలు పళ్ళేల ముందు కూర్చుంటారు. ఆమె ఫోను తీసి బేకరీ ఆయనకి చేసింది. సంగతి సగం వినేసరికే ఆయన అడ్డుపడ్డాడు. "పెన్సిలమ్మా, నువ్వు అడగడమూ నేను కాదనడమూనా? బ్రెడ్డూ, ఉడకబెట్టిన గుడ్లూ, అరటిపళ్ళూ నా బండి మీద వెళ్ళిపోతాయి. చిరునామాలు చెప్పు" అన్నాడు.

ఇక మిగిలింది ప్లంబరు. వంటక్క చేస్తే ఎప్పటిలాగే "రేపు పొద్దున్నే అక్కా, ఖాయంగా" అన్నాడు. కొత్తమ్మాయి ఫోను తీసుకుని, "నగర ఆరోగ్య విభాగం నుంచి మాట్లాడుతున్నాను. మీ పేరూ అడ్రసూ చెప్పండి, రిపోర్టులో రాసుకోవాలి" అంది. అంతే, టీ చల్లారేలోపు ఆ మహానుభావుడు సంచీతో సహా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. వంటక్క అంత దుఃఖంలోనూ ఫక్కున నవ్వింది.

పైపు మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. కొళాయి రెండుసార్లు దగ్గి, ఎర్రగా కక్కి, తర్వాత తేటగా ధార కట్టింది. వేడెక్కేదాకా కొత్తమ్మాయి చెయ్యి అడ్డుపెట్టుకుని నిలబడింది. తర్వాత వంటక్క, ఆవిడ వెనక నలుగురూ, బడిపిల్లల్లా వరసగా వచ్చి కడుక్కున్నారు. పదునుగా ఉన్న ఆ సబ్బు అంచులు మొదటిసారి అరిగాయి.

శుక్రవారం ఆర్డరు రాలేదు. పెద్దాఫీసరు ఇద్దర్నీ పిలిచి, సంతకం పెట్టిన రిపోర్టు ఎందుకు వెనక్కి తీసుకోవలసి వచ్చిందని నిలదీసింది. కొత్తమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. "నీళ్ళు రావట్లేదని మీకెలా తెలిసింది?" అని ఆఫీసరు అడిగితే, "మా అత్తయ్య చెప్పారు మేడమ్" అంది. సబ్బు సారు దగ్గొచ్చినట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆఫీసరు నవ్వలేదు. కొత్తమ్మాయికి శిక్షణ మూడు నెలలు పొడిగించింది, సబ్బు సారుకి మెమో ఇచ్చింది.

"సారీ సర్" అంది కొత్తమ్మాయి మెట్లు దిగుతూ. ఏడుపు పెదవి చివర ఉంది.

"దేనికీ? ఇన్నేళ్ళ సర్వీసులో మెమో అన్నది ఎలా ఉంటుందో చూడలేదు. ఆ లోటూ తీరింది" అన్నాడాయన. నాలుగు మెట్లు దిగాక మళ్ళీ ఆగాడు. "చేతులెందుకు కడుక్కోవాలో నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఇక మీదట చెబుతాను" అన్నాడు. ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదలు.

ఆ మూడు నెలలూ కొత్తమ్మాయి ఎక్కడికెళ్ళినా ముందు కొళాయి తిప్పింది. తువాళ్ళు తెచ్చినవాళ్ళున్నారు, సీసాల్లో నీళ్ళు తెచ్చినవాళ్ళున్నారు, "ముందు కూర్చోండి మేడమ్" అన్నవాళ్ళున్నారు. అందరికీ నవ్వుతూనే వద్దని చెప్పింది. గడువు చివర్లో సబ్బు సారుతో కలిసి వంటక్క దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. గుమ్మంలో ఆయన పక్కకి తప్పుకుని, "ముందు నువ్వెళ్ళు" అన్నాడు. వంటక్క మగ్గు తేలేదు. పలకరించనూ లేదు. నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని, గర్వంగా, చూపుడువేలితో బేసిన్ వైపు చూపించింది.

మర్నాడు ఆర్డరు చేతికొచ్చింది. స్కూటరు ఇంటి ముందు సరిగ్గా నిలబెట్టకుండానే కొత్తమ్మాయి "అత్తయ్యా, అత్తయ్యా!" అంటూ లోపలికి పరిగెత్తింది. ఈసారి రెండు చెప్పులూ గుమ్మం బయట చెరోవైపు ఎగిరిపడ్డాయి.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "దారిలో దుమ్మంతా మోసుకొచ్చి ఉంటావు. ముందు చేతులు కడుక్కో. తర్వాత చెబుదువుగాని."

కొత్తమ్మాయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కొళాయి తిప్పింది. అత్తగారు ఆ రోజు మోటారు వెయ్యడం మర్చిపోలేదు. ధార కింద చేతులు రుద్దుకుంటూ, ఎదురింటివాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా అరిచింది. "పర్మనెంటు చేశారత్తయ్యా!"

అత్తగారు గరిటె అక్కడే పడేసి వచ్చి, నీళ్ళోడుతున్న ఆ చేతుల్ని అలాగే పట్టుకుంది.